ఖాళీ బార్‌తో స్క్వాట్ లోతుగా వస్తోంది, 60 కిలోలకు రావడం లేదు

తొలిపొద్దు (ప్రశ్న):
భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ మొదలుపెట్టి కొన్ని నెలలైంది. 20 కిలోల ఖాళీ బార్‌తో చేస్తే తుంటి మడత మోకాలి కంటే కిందికి దిగుతోంది. 60 కిలోలు వేసేసరికి మోకాలికి బెత్తెడు పైనే ఆగిపోతున్నాను. చేస్తున్నంతసేపూ అడుగుదాకా వెళ్లాననే అనిపిస్తుంది, వీడియో చూస్తే కాదని తెలుస్తుంది. లేచేటప్పుడు తుంటి ముందు పైకి పోతుంది, ఛాతీ నేలవైపు వాలుతుంది, బరువంతా నడుము మీద పడుతుంది. వెనక నుంచి తీసిన వీడియోలో తుంటి కుడివైపుకు జరిగినట్టు కూడా ఉంది. మోకాళ్లు కాలివేళ్లను దాటకూడదని జిమ్‌లో చెప్పారు కాబట్టి వీలైనంత వెనక్కి కూర్చుంటున్నాను. రోజూ పిక్కలు, తొడలు సాగదీస్తున్నాను, మార్పు లేదు. వేసుకునేది పరుగు బూట్లు. మడమల కింద బార్‌కు వేసే చిన్న బరువు ప్లేట్లు పెట్టుకోమని ఒకరు, బరువు తగ్గించమని ఇంకొకరు అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

పాతబార్:
ఖాళీ బార్‌తో దిగగలుగుతున్నారంటే కీళ్లకు ఆ లోతు కొత్త కాదు. బరువు పడగానే తగ్గుతోందంటే సాగదీతల కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మోకాళ్ల మాట మొదట తేల్చుకుందాం, మీ ఇబ్బందిలో పెద్ద భాగం అక్కడే పుట్టిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. తూలకుండా ఉండాలంటే బార్ పాదం మధ్యభాగానికి నిట్టనిలువుగా పైన ఉండాలి. మోకాళ్లను వేళ్ల దగ్గర ఆపేస్తే తుంటి వెనక్కి పోతుంది, ఆ లెక్క సరిపోవడానికి ఛాతీ ముందుకు వాలక తప్పదు. తొడలు పొడవుగా ఉన్నవారికైతే మరీ ఎక్కువగా వాలుతుంది. 2003లో వచ్చిన ఆండ్రూ ఫ్రై బృందం అధ్యయనంలో మోకాళ్ల ముందు పలక అడ్డుపెట్టి స్క్వాట్ చేయించి కొలిచారు. మోకాలి మీద తిప్పుబలం (టార్క్) సుమారు 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. తుంటి మీద మాత్రం 28 నుంచి 300 దాటింది. చేసినవారు ఏడుగురే, అయినా మోకాలి దగ్గర మిగిల్చుకున్నదానికి ఎంత మూల్యం ఎక్కడ చెల్లించాలో అందులో కనిపిస్తుంది. మోకాలి నొప్పి లేకపోతే వేళ్లను దాటనివ్వండి. పాదం ఏ దిశలో ఉంటే మోకాలు ఆ దిశలోనే వెళ్లాలి, మడమ నేలను వదలకూడదు, అంతే.

ఇక ఊపిరి. బార్‌ను రాక్ (బార్ ఆనించే స్టాండ్) నుంచి తీసి వెనక్కి అడుగులు వేసి కుదురుగా నిలబడ్డాక ఒక్కసారి గమనించండి: గాలి పీలిస్తే భుజాలు లేస్తున్నాయా, పొట్ట నిండుతోందా? భుజాలు లేస్తే అది పైపై ఊపిరి. పొట్ట ముందుకే కాదు, పక్కలకూ, నడుము వైపుకూ ఉబ్బాలి. వేళ్లు పక్కటెముకల కింద ఆనించి పీల్చి చూస్తే తెలుస్తుంది, వేళ్లను బయటికి తోయాలి. అప్పుడు పొట్ట బిగించి, ఊపిరి బిగపట్టి దిగండి. పైకి వస్తూ కష్టమైన చోటు దాటాక వదలండి. నడుము వదులుగా ఉంటే అడుగున నిలదొక్కుకోలేక శరీరం బెత్తెడు పైనే వెనుదిరుగుతుంది. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఊపిరి బిగపట్టే ముందు వైద్యుడిని అడగాలి.

పరుగు బూట్లు మానేయండి. మెత్తని అడుగుతో బరువెత్తడం పరుపు మీద నిలబడి ఎత్తడమే. చదునైన గట్టి అడుగున్న బూట్లు చాలు. వెయిట్‌లిఫ్టింగ్ బూట్ల మడమ దాదాపు 2 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, దానివల్ల మోకాలు ముందుకు సులువుగా వెళ్తుంది. ప్లేట్లు కూడా అదే పని చేస్తాయి, కానీ బరువు పెరిగాక వాటి మీద నిలబడటం నాకు నచ్చదు, పాదం జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

బరువు తగ్గించండి, 45 దగ్గర ఆపండి. మూడు సెకన్లలో దిగి, అడుగున రెండు సెకన్లు బిగువు వదలకుండా ఆగి లేవండి. రాక్‌లోని భద్రతా కడ్డీలను మీ లోతుకు కొద్దిగా కింద అమర్చుకోండి. కింద పట్టే కడ్డీ ఉందన్న ధైర్యం ఉంటే దిగడం దానంతటదే మారుతుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి రావాలి. అది సరిపోల్చుకోవాలంటే కెమెరా తుంటి ఎత్తున, సరిగ్గా పక్కనే ఉండాలి. ఏటవాలుగా తీసిన వీడియోను నమ్మవద్దు.

కుడివైపు జరగడం వేరే విషయం. గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేపకుండా మోకాలితో గోడను తాకండి. తాకగలిగినంతవరకు పాదాన్ని వెనక్కి జరుపుతూ, బొటనవేలికి గోడకు మధ్య దూరం రెండు కాళ్లకూ కొలిచి చెప్పండి.

నిదానం:
పాదాల మధ్య దూరం కూడా సరిచూసుకోండి. భుజాల వెడల్పుతో మొదలుపెట్టి, వేళ్లను 15 నుంచి 30 డిగ్రీల వరకు బయటికి తిప్పి చూడండి. తుంటి ఎముకల అమరిక అందరికీ ఒకేలా ఉండదు, పక్కవారి నిలుపు మీకు కుదరకపోవచ్చు. బార్‌ను మెడ కింది కండరం మీద పైకి పెట్టుకుంటే వెన్ను కాస్త నిటారుగా ఉంటుంది, లోతుకు అది అనుకూలం.

తొలిపొద్దు:
కొలిచాను. కుడికాలు 11 సెంటీమీటర్లు, ఎడమకాలు 6. ఎడమ చీలమండ చాలాకాలం కిందట బెణికింది. అడుగున రెండు సెకన్లు ఆగితే ఇంకో సంగతి తెలిసింది, కింద తుంటి లోపలికి ముడుచుకుని నడుము గుండ్రమవుతోంది. ప్రమాదమా?

పాతబార్:
కుడివైపు ఎందుకు జరుగుతున్నారో తెలిసిపోయింది. ఎడమ మోకాలు ముందుకు రాలేక ఆగిపోతోంది, తుంటి చోటున్న వైపుకు పోతోంది. ఖాళీ బార్ తేలిక కాబట్టి ఎలాగో సర్దుకుపోయింది.

గోడ దగ్గర ఎడమ మోకాలు ఆగినప్పుడు బిగుతు ఎక్కడ తెలుస్తోంది? వెనక పిక్కలో అయితే అదే కదలికను వ్యాయామంగా చేయండి, మోకాలి మీద బరువు ఆనించి, నెమ్మదిగా. చీలమండ ముందు భాగంలో ఎముకకు ఎముక తగిలినట్టు పోటు వస్తే సాగదీసి లాభం లేదు, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఈలోగా మడమ ఎత్తున్న బూట్లు వాడండి. ఎడమవైపు మాత్రమే ఎత్తు పెట్టకండి, రెండు వైపులా సమానంగా ఉండాలి.

నడుము గుండ్రం కావడం కొద్దిగా ఉండి, నొప్పి లేకపోతే కంగారు అక్కర్లేదు. కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే, అది మొదలయ్యే చోటికి కొంచెం పైన ఆగండి. అక్కడే ఆగి లేస్తూ, నడుము నిలిచినంతవరకు వారాల మీద లోతు పెంచుకోండి. బరువు ఆ తరువాత. బూట్లు మార్చాక వెనక నుంచి, పక్క నుంచి మళ్లీ వీడియో పెట్టండి, చూస్తాను.