పంట నష్టం డబ్బు ఎవరి ఖాతాలో పడాలి: ఆసామికా, కౌలు రైతుకా?

కృష్ణా డెల్టా కుర్రోడు:
మా నాన్న కౌలు రైతు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి మొత్తం పడిపోయింది, నీళ్లు లాగేసరికి వెన్నుల మీదే తెల్లగా మొలకలొచ్చేశాయి. అధికారులు వచ్చి మమ్మల్ని చేలో నిలబెట్టి ఫొటోలు కూడా తీసుకున్నారు. డబ్బు మాత్రం హైదరాబాదులో ఉండే ఆసామికి, అంటే పొలం యజమానికి పడింది, ఎందుకంటే ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంటలో ఆయన పేరే ఉందట. విత్తనం, ఎరువు, కూలీ అన్నీ మావే. అప్పు మాకు, పరిహారం ఆయనకా? ఇదేం లెక్కో ఎవరైనా చెప్పండి.

గోదారి గట్టు:
తమ్ముడూ, ఆసాములందర్నీ ఒకే గాటన కట్టకు. నాకున్న కొద్దిపాటి పొలం కౌలుకే ఇచ్చాను, తుపాను ఏడాది గింజ కూడా అడగలేదు. కౌలు పోయింది కదా, అది నష్టం కాదా? ఇక కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డు కోసం ఆసాములు సంతకం ఎందుకు పెట్టరంటారా, పొలం చెయ్యిజారిపోతుందని భయం; కౌలుకిచ్చిన పొలం కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను మా ఊళ్లోనే చూశాం. ఆ భయం ఊరికే రాలేదు.

రైతు సేవా కేంద్రం ఉద్యోగి:
అండీ, ఆ భయానికి చట్టంలో ఆధారం లేదు. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలే, దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే. చిక్కంతా యజమాని సంతకం తప్పనిసరి చేయడంలో ఉంది. అంతకుముందు 2011 చట్టం కింద కౌలుదారులకు బ్యాంకు అప్పు కోసం ఇచ్చిన రుణ అర్హత కార్డులకు ఆ సంతకం అక్కర్లేకపోయింది. ఇప్పుడేమో కౌలుదారు పేరు రాస్తే సాయంత్రానికి ఆసామి ఫోను, రాయకపోతే కౌలుదారు తిట్లు. మధ్యలో నలిగేది మేమే.

మెట్ట రైతు:
ఇంత కొట్టుకునేంత డబ్బు అసలు ఎక్కడుంది బాబూ? కేంద్రం 2022లో పెట్టిన నిబంధనల ప్రకారం 33 శాతం పైగా పంట పోతేనే లెక్కలోకి వస్తుంది, అదీ రెండు హెక్టార్ల వరకే. నీటి వసతి ఉంటే హెక్టారుకు 17,000, మా మెట్టకి 8,500. అంటే ఎకరాకు మూడున్నర వేలు కూడా కాదు, దుక్కి ఖర్చుకే సరిపోదు. 2024 వరదలప్పుడు రెండు రాష్ట్రాలూ వరికి ఎకరాకు 10 వేలు ప్రకటించాయి, కాస్త నయం. కానీ సగం పంటే పోయినవాడికీ మొత్తం కొట్టుకుపోయినవాడికీ ఒకటే రేటు ఏంటో!

గొర్ల మంద:
పొలం ఉన్నోళ్లూ లేనోళ్లూ కొట్టుకుంటున్నారు సరే, జీవాల సంగతి ఎవరూ ఎత్తరేంది? గొర్రెకు 4,000, పాడి గేదెకు 37,500 అని అవే నిబంధనల్లో ఉంది. ఇంటికి 30 గొర్రెల వరకే, గేదెలైతే మూడే. వంద జీవాలున్న మంద మొత్తం పోతే మిగతా డెబ్బై ఏ లెక్కలో రాయాలి? పైగా పశువైద్యుడు చూసి ధ్రువీకరించాలట. వాగులో కొట్టుకుపోయిన గొర్రెను ఎక్కడ నుంచి తెచ్చి చూపించాలన్నా?

కృష్ణా డెల్టా కుర్రోడు:
గోదారి అన్నా, మీరు కౌలు వదిలేశారు, మంచి మాటే. మా ఆసామి మాత్రం పరిహారమూ తీసుకుని కౌలు బస్తాల్లో సగం కూడా అడిగాడు. కౌలు పోయినవాళ్లకి ఏదైనా ఇవ్వాలనుకుంటే విడిగా ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ పంట పోయిన డబ్బు నాటినవాడికే రావాలి. ఎవరు సాగు చేస్తున్నారో ఊరందరికీ తెలుసు, నాట్లప్పుడే గ్రామసభలో అడిగి రాసుకుంటే సంతకంతో పనేముంది? ఈసారి కార్డు అడుగుదామంటే నాన్న ఒప్పుకోవట్లేదు, అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇచ్చేస్తారని.

రైతు సేవా కేంద్రం ఉద్యోగి:
కార్డు సంగతి తర్వాత, ముందు నష్టం జాబితా మా రైతు సేవా కేంద్రం దగ్గర అంటించినప్పుడు వెళ్లి చూడండి. పేరు లేకపోతే అభ్యంతరం రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. గడువు దాటాక వస్తే మా చేతిలో ఏమీ ఉండదు.