అప్‌డేట్: హన్మకొండ పిల్లల యానిమేషన్ వర్క్‌షాప్ షురూ అయింది

కంప్యూటర్లు లేకుండా మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పిల్లలకు యానిమేషన్ ఎట్లా నేర్పాలని అడిగిన కదా. ఫోన్‌తో స్టాప్ మోషన్, అంటే వస్తువును కొంచెం కొంచెం జరుపుకుంట ఫొటోలు తీసి వరుసగా ఆడించుడు, మొదలుపెట్టుమని చాలామంది చెప్పిన్రు. అదే చేసినం, మస్తు నడుస్తోంది.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు (విడి విడి బొమ్మలు) కావాలంటే పిల్లలు బెదిరిన్రు. ఒక్కో ఫొటోను రెండు ఫ్రేముల పాటు నిలిపితే 12 ఫొటోలే చాలని చెప్పినంక హుషారొచ్చింది. పది సెకన్లకు 120 ఫొటోలన్నమాట.

వాళ్లు ఎంచుకున్న కథ, బతుకమ్మ తనంతట తానే పేర్చుకునుడు. గునుగు పూలు సాయంత్రం దాకా అట్లనే ఉన్నయి. తంగేడు మాత్రం షూటింగ్ నడుమనే వాడిపోయి, వరుస వరుసకూ రంగు మారింది. ఏడో తరగతి పిల్ల ఒకామె పసుపు కాయితంతో తంగేడు పూలు కత్తిరించి తెచ్చింది! ఆ తెలివికి నేనింకా మురిసిపోతున్న.

మీరెవరన్నా మొదలుపెడితే కిటికీలు మూసి ఒకటే లైటు పెట్టుకోండ్రి. చాలా ఫోన్లల్ల స్క్రీన్ మీద వేలు నొక్కిపడితే ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు ఎంతుండాలన్నది) మారకుండా లాక్ అయితయి. లేకుంటే మబ్బు కమ్మినప్పుడల్లా వెలుతురు మారి వీడియో మిణుకుమిణుకుమంటది. ట్రైపాడ్ లేకున్నా స్టూలుకు ఫోన్ కదలకుండా కట్టుకుంటే సరిపోతది.

ఇగ మిగిలింది సౌండ్. కాలనీ పెద్దమ్మలు పాట పాడుతమన్నరు. హాల్లో గొంతు మారుమోగుతోంది, అందుకే పరుపులు, దుప్పట్లున్న చిన్న రూములో రికార్డు చేస్తం. తెలుగు టైటిల్స్ ఒత్తులు చెదరకుండా వచ్చే ఫ్రీ ఎడిటింగ్ యాప్ మీరు వాడింది ఏదన్నా ఉంటే చెప్పండ్రి.