24 గంటల రైడ్: కుడిచేతి వేళ్ల తిమ్మిరి తగ్గే దారేది?

డిసెంబర్‌లో మొదటిసారి 24 గంటల్లో 1600 కిలోమీటర్ల రైడ్ చేయాలనుకుంటున్నాను. ఆగే సమయం కలుపుకుంటే సగటు వేగం గంటకు 67 కిలోమీటర్లు ఉండాలి. బండి 350 సీసీ, మూడేళ్లది.

ప్రాక్టీస్‌కి జడ్చర్ల నుంచి 44వ నంబర్ హైవే మీద అనంతపురం దాకా రెండుసార్లు వెళ్లొచ్చాను. తెల్లవారుజామున 4కి బయలుదేరి 80-85లో నడిపాను. కర్నూలు దాకా ఏమీ లేదు. డోన్ దాటాక, అంటే దాదాపు రెండున్నర గంటలకు, కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారాయి. పావుగంట ఆగితే తగ్గుతుంది, కానీ మళ్లీ ఎక్కాక 40 నిమిషాలకే మొదలు. ఎడమచేయి బాగానే ఉంది. 75కి తగ్గిస్తే హ్యాండిల్ వణుకు తగ్గుతుంది గానీ తిమ్మిరి పోదు.

జెల్ గ్లవ్స్ వేసుకున్నాను. గ్రిప్ మీద స్పాంజ్ కవర్ తొడిగితే పట్టు లావై ఇంకా ఎక్కువైంది, తీసేశాను. చైన్ సరిచేయించాను, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉంది. హ్యాండిల్ కొంచెం వెనక్కి తిప్పించినా తేడా లేదు. మెకానిక్ అయితే "అంత దూరం బస్సుల పోరాదా" అన్నాడు.

ఇక మిగిలినవి మూడు: హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్, చివర్లకు బరువులు, అరచేతితోనే యాక్సిలరేటర్ నొక్కి ఉంచే పట్టీ. ఇలా ఒక్క కుడిచేతికే తిమ్మిరి వచ్చినవాళ్లు వీటిలో ముందు ఏది వేయించి చూశారు?