మొదటి దివ్యసత్ప్రసాదం విందుకు ఎవరిని, ఎలా పిలవాలి?

ప్రశ్న (కాజీపేట నుంచి ఒక తల్లి):
మే నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి మా విచారణలోని (మా చర్చి పరిధిలోని) మరికొందరు పిల్లలతో కలిసి మొదటి దివ్యసత్ప్రసాదం, అంటే చర్చి పూజలో క్రీస్తు శరీరమని నమ్మి ఇచ్చే అప్పాన్ని మొదటిసారి, స్వీకరించనున్నది. ఉదయం ఏడింటికి చర్చిలో పూజ, మధ్యాహ్నం ఇంటి ముందు టెంటు వేయించి భోజనాలు అనుకుంటున్నాము. మా అత్తవారు కతోలికులు, నా పుట్టింటివారు హనుమకొండలో బాప్టిస్టు సంఘస్థులు, మా వారితో రైల్వేలో పనిచేసేవారిలోనూ ఇరుగుపొరుగులోనూ ఎక్కువమంది హిందువులు. అందరికీ ఒకే పత్రిక కొట్టించి పూజకూ విందుకూ కలిపి పిలవాలా? సత్ప్రసాదం వరుసలోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో నొప్పించకుండా ముందే ఎలా చెప్పాలి?

జవాబు 1 (హనుమకొండలో సత్యోపదేశం, అంటే పిల్లలకు మత పాఠాలు, చెప్పే ఒక టీచరు):
అతిథుల లెక్క వేసే ముందు ఒక సంగతి ఆలోచించండి. అదే రోజు మిగతా పిల్లల ఇళ్లలోనూ భోజనాలు ఉంటాయి. విచారణ కుటుంబాలు ఒకచోట తిని మిగతాచోట్ల ముఖం చూపించి వెళ్లిపోతాయి, ఫాదర్‌గారు ఇంటింటా ప్రార్థన చేసి రెండు మెతుకులు తిని బయలుదేరుతారు, మీరు వండించిన బగారా అన్నమూ మటనూ సాయంత్రానికి గిన్నెల్లోనే ఉండిపోతాయి. అందుచేత తల్లిదండ్రులందరూ కలిసి ఖర్చు పంచుకుని, పూజ కాగానే చర్చి ఆవరణలో అందరికీ టిఫిను పెట్టి, ఇంటి విందును మరుసటి ఆదివారానికి జరుపుకోవడం మేలు. ఏడింటి పూజకూ పన్నెండున్నర భోజనానికీ మధ్య, మే ఎండలో, పరకాల నుంచో జనగామ నుంచో వచ్చినవారిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న చింత కూడా ఉండదు.

పూజకు తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, జ్ఞానతల్లిదండ్రులు (జ్ఞానస్నానమప్పుడు పాపకు అండగా నిలబడినవారు), మేనమామలు వస్తే చాలు. సత్ప్రసాదం వరుసలోకి కతోలికులే రావాలన్న సంగతి పత్రిక మీద మాత్రం అచ్చు వేయించవద్దు, పిలిచిన చేత్తోనే ఆపినట్టు ఉంటుంది. సత్ప్రసాదం పంచే ముందు రెండు మాటలు చెప్పమని ఫాదర్‌గారిని కోరితే, అది అందరికీ చెప్పినట్టే ఉంటుంది.

జవాబు 2 (నర్సంపేట నుంచి):
పత్రిక విషయంలో టీచరుగారి మాట సరైనదే, కానీ ప్రకటన ఒక్కటే సరిపోదు. మీ పుట్టింటివారు తమ సంఘంలో ప్రభు భోజనం తీసుకునేవారే కనుక ఇక్కడా తీసుకోవచ్చనే నమ్మకంతో లేచి నిలబడతారు, కాబట్టి పత్రిక ఇవ్వడానికి వెళ్లినప్పుడు మీరే ఎదురుగా కూర్చుని చెప్పాలి, అత్తవారి వైపు మనిషి చెబితే అదే మాట వేరుగా వినిపిస్తుంది. చిన్నపిల్లకు అప్పుడే ఎందుకని పెద్దలు అడిగితే, వివేకం వచ్చే ఏడేళ్ల వయసు నుంచే పిల్లలకు ఇవ్వాలని 1910లో పదవ పయస్ పోపుగారు నిర్ణయించారని చెప్పండి.

హిందూ స్నేహితుల సంగతి వేరు. ప్రసాదం వద్దనడం తప్పని పెరిగినవారు భక్తితోనే చేయి చాపుతారు, ఇంట్లో ఉన్నవారి కోసం దాచి పట్టుకుపోదామనీ అనుకుంటారు. సత్ప్రసాదాన్ని అక్కడికక్కడే స్వీకరించాలి, బయటికి తీసుకువెళ్లకూడదు. వారి బెంచీ చివర మీ ఇంటి మనిషి ఒకరు కూర్చుంటే సమయానికి మెల్లగా చెప్పగలుగుతారు. ఇంకొక మాట: స్వీకరించడానికి గంట ముందు నుంచి నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు, కనుక ముద్దు చేస్తూ పాప చేతిలో చాక్లెట్లు పెట్టే చుట్టాల మీద ఒక కన్ను వేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉమ్మడి టిఫిను గురించి మిగతా తల్లులతో మాట్లాడతాను. పిల్లలందరూ ఒకే రకం తెల్లబట్టలు వేసుకోవాలని సిస్టర్‌గారు చెప్పారు, మా అన్నయ్యేమో మేనమామ బట్టలుగా పట్టు పరికిణీ తెస్తానని పట్టుబడుతున్నాడు. ఆయనను ఎలా ఒప్పించాలి?

జవాబు 1:
ఒప్పించవలసిన పని లేదు, తెమ్మనండి. చర్చిలో తెల్లబట్టలే ఉండాలి, ఎందుకంటే కొనలేని ఇంటి పిల్ల కూడా అదే వరుసలో నిలబడుతుంది. విందు రోజున అందరి ముందూ మేనమామ చేతుల మీదుగా పరికిణీ ఇప్పించి, పాపకు అప్పుడే కట్టండి.