ప్రభుత్వ పత్రాల పనినే నమ్ముకుని గ్రంథాలయ వృత్తిలో కొనసాగవచ్చునా?

ప్రశ్న: కళాశాల గ్రంథాలయ ఉద్యోగిని, శ్రీకాకుళం

పెద్దలకు నమస్కారం. నేను గ్రంథాలయ శాస్త్రం చదివి, రెండేళ్ళుగా ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. మా వెనుక గదిలో పాత గెజిట్లు, జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు, జీవోల కట్టలు ఉన్నాయి. వాటి కోసం నెలకు ఒకరో ఇద్దరో వస్తారు గానీ, వచ్చినవారు ఎంతో అవసరం మీద వస్తారు. గత నెలలో వంశధార నిర్వాసిత గ్రామానికి చెందిన ఒక పెద్దాయన తమ ఊరి భూసేకరణ ప్రకటన ఉన్న గెజిట్ కావాలని వచ్చి, మధ్యాహ్నం దాకా బల్ల దగ్గరే కూర్చున్నారు. ఎక్కడ వెతకాలో తెలియక ఆయనను ఉత్త చేతులతో పంపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఈ పని బాగా నేర్చుకోవాలని ఉంది. ఆడపిల్లకు ఆ దుమ్ము గదిలో ఏం భవిష్యత్తు ఉంటుందని ఇంట్లో అడుగుతున్నారు. ఒక జీవితానికి సరిపడే పని ఇందులో ఉన్నదా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: విశ్రాంత గ్రంథపాలకుడు, విజయనగరం

అమ్మా, ఉన్నది. ముప్పై ఏళ్ళు చేసిన తరువాత కూడా నాకు తెలియనిదే ఎక్కువ మిగిలింది.

ముందుగా మన జిల్లాల హద్దులు నేర్చుకోండి. పార్వతీపురానికి చెందిన ఒక కాగితం కావాలని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరానిదని తిరిగి అడగకుండా లేవకూడదు. 1950 ఆగస్టు 15కు ముందుదైతే అది విశాఖపట్నం జిల్లా కాగితం, ఆ తరువాత 1979 దాకా శ్రీకాకుళం జిల్లాది, 1979 జూన్ 1 నుంచి విజయనగరం జిల్లాది, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాది. ఊరు కదలలేదు, దాని కాగితాలు మాత్రం నాలుగు జిల్లాల పేర్ల కింద చెదిరిపోయాయి. టెక్కలి సంగతి ఇంకొక రకం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు అది గంజాం జిల్లాలో ఉండేది కనుక, అంతకు ముందరి వివరాలకు గంజాం జిల్లా పేరుతో అచ్చయిన పుస్తకాలనే తిరగవేయాలి. నేను ఒక నోటుపుస్తకంలో ఒక్కొక్క తాలూకాకు ఒక్కొక్క పేజీ కేటాయించి ఈ తేదీలన్నీ రాసుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా నలిగిన పుస్తకం అదే.

జీవోల విషయంలో నంబరు ఒక్కటే చాలదు. ప్రతి శాఖా ఏటా జనవరిలో మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెడుతుంది కాబట్టి, శాఖ, సంవత్సరం, అది ఎంఎస్ (మాన్యుస్క్రిప్ట్) వరుసదా, ఆర్టీ (రొటీన్) వరుసదా అనేవి తెలియకుండా ‘జీవో 45’ అంటే ఏదీ కాదు. జీవో పైభాగంలో ‘చదవండి’ అనే మాట కింద అంతకు ముందరి ఉత్తర్వుల నంబర్లు, లేఖల తేదీలు వరుసగా ఉంటాయి. చాలామంది దానిని దాటవేసి కిందికి పోతారు. నేను మాత్రం అక్కడే ఆగుతాను, ఎందుకంటే ఒక్క కాగితం దొరికితే ఆ వరుసను పట్టుకుని వెనక్కి నడుస్తూ మొదటి ఉత్తర్వు దాకా పోవచ్చును.

ఒక బాధ కూడా చెప్పాలి. ఒకసారి ఒక కార్యాలయంలో గది ఖాళీ చేయడానికి గెజిట్ల సంపుటాలను తూకానికి అమ్మివేశారని తెలిసి, పాత కాగితాల దుకాణానికి పరుగెత్తాను. అప్పటికే సగం కట్టల దారాలు తెంపి, పొట్లాలకు వీలుగా పేజీలు చింపివేశారు. మిగిలినవి రిక్షాలో వేసుకుని వచ్చాను. కాబట్టి మీ గదిలో ఏముందో ముందు జాబితా రాయండి. జాబితాలో ఎక్కిన దానిని అమ్మివేయాలంటే ఎవరైనా సంతకం చేయవలసి వస్తుంది.

జవాబు: న్యాయవాది, శ్రీకాకుళం

అవతలి వైపు నుంచి ఒక మాట చెబుతాను. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయం తన రికార్డులను సూచికతో సహా క్రమంలో పెట్టుకోవాలి, 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. అయినా నా దగ్గరకు వచ్చే రైతు ‘మా భూమి కాగితాలన్నీ ఇవ్వండి’ అని దరఖాస్తు రాసి, 30 రోజులు ఎదురుచూసి, ‘వివరాలు స్పష్టంగా లేవు’ అనే జవాబు పట్టుకుని వస్తాడు. అతనికి కావలసిన కాగితం పేరు, అది పుట్టిన కార్యాలయం, సంవత్సరం చెప్పే మనిషి ముందే దొరికి ఉంటే ఆ నెల వృథా అయ్యేది కాదు. ఇది వకీలు కంటే గ్రంథపాలకురాలు బాగా చేయగల పని. మన ప్రాంతంలో చాలా గ్రామాలు ఒకప్పటి జమీందారీలవి కనుక, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే, సర్వే నంబర్ల వారీగా రాసిన గ్రామ భూమి రికార్డు గురించి కూడా తెలుసుకోండి.

2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపివేసినప్పుడు, ముందే అచ్చు తీసి పెట్టుకున్నవారి ఫైళ్ళే మాకు దిక్కయ్యాయి. తెరమీద ఉన్నది కదా అని ఊరుకోకుండా, మన జిల్లాకు సంబంధించిన వాటినైనా కాగితం మీద ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మొదటి కట్ట విప్పి పదకొండు సంచికలు జాబితాలో రాశాను. వాటిలో రాష్ట్ర గెజిట్, జిల్లా గెజిట్ కలిసిపోయి ఉన్నాయి. అలాగే ఉంచాలా, విడదీయాలా?

జవాబు: విశ్రాంత గ్రంథపాలకుడు, విజయనగరం

ముందు ఏ క్రమంలో కట్టి ఉన్నాయో రాసుకుని, తరువాత విడదీయండి. భూసేకరణ ప్రకటనలు తరచుగా జిల్లా గెజిట్‌లో వస్తాయి కనుక ఆ పెద్దాయన అడిగినది ఆ కట్టలలోనే ఉండవచ్చును. అక్కడ దొరకకపోతే ఆ రోజులలోని దినపత్రికల ఫైళ్ళు చూడండి, అటువంటి ప్రకటనను రెండు దినపత్రికలలో కూడా వేయవలసి ఉంటుంది. ఆయన మీ రిజిస్టరులో సంతకం చేసే ఉంటారు, ఊరి పేరు అక్కడ చూడండి.