‘అప్‌స్ట్రీమ్’కి ‘ఎగువ’ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కొత్తగా చేరేవాళ్ల కోసం పదాల పట్టిక రాస్తున్నాను. ‘అప్‌స్ట్రీమ్’ (అంటే మనం వాడే కోడ్ ఎక్కడి నుంచి వస్తోందో ఆ అసలు ప్రాజెక్టు) దగ్గర చిక్కుకుపోయాను.

మొదట ‘మాతృ ప్రాజెక్టు’ అని రాశాను. మొన్న చేరిన ఇంజినీరింగ్ అమ్మాయి అది చదివి, “అక్కా, నా సిస్టంలో తప్పు సరిచేసుకున్నాను కదా, మళ్లీ ప్యాచ్ (ఆ దిద్దుబాటు కోడ్) అక్కడికి పంపడం ఎందుకు?” అంది. మాట తెలిసింది గానీ పని తెలియలేదన్నమాట.

వాళ్ల పొలం సాగర్ ఎడమ కాలువ చివరన ఉంది. “పైన కాలువలో పూడిక తీస్తే ఎవరికి లాభం?” అని అడిగాను. “కింద అందరికీ” అంటూనే నవ్వేసింది. ఇక చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది. డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ మూడూ లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలే. డెబియన్ నుంచి ఉబుంటు, ఉబుంటు నుంచి లినక్స్ మింట్ కోడ్ తీసుకుంటాయి. మింట్‌లో కనిపించిన తప్పును అక్కడే దిద్దితే అక్కడితో సరి. పైనుంచి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ దిద్దుకోవాలి. అసలు ప్రోగ్రాం రాసేవాళ్లే ఆ దిద్దుబాటు తీసుకుంటే కింద అందరికీ చేరుతుంది.

అందుకే ‘ఎగువ’ నాకు నచ్చింది. ఎగుడుదిగుడు, ఎగుమతి దిగుమతి అంటూ రోజూ వాడే మాటల జంటే ఇది. ఒక్కటే ఇబ్బంది. ‘ఎగువ ప్రాజెక్టు’ అంటే మనకు జూరాల, ఆల్మట్టి గుర్తొస్తాయి. వానాకాలంలో ఏ పేపర్ తెరిచినా ‘ఎగువ ప్రాజెక్టుల నుంచి వరద’ అనే ఉంటుంది కదా!

‘ప్యాచ్’ని మాత్రం ప్యాచ్‌గానే ఉంచేశాను. ఒకప్పుడు ప్రోగ్రాంలు చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీద ఉండేవి. తప్పున్న చోట కాగితం ముక్క అతికించి దిద్దేవారు. చిరిగిన పంచెకు మాసిక వేసినట్టే. ‘మాసిక’ ఎంత చక్కటి మాటో! కానీ పట్టికలో చూసిన కుర్రాడు “నెలకోసారి వచ్చే అప్‌డేటా అక్కా?” అన్నాడు. మాసపత్రిక ముందు మన మాసిక ఓడిపోయింది.

ప్రస్తుతానికి ఇలా రాశాను, దిద్దండి:

“అప్‌స్ట్రీమ్: ఎగువ. మనం వాడే కోడ్ ఎక్కడి నుంచి వస్తోందో ఆ చోటు. మీరు దిద్దిన తప్పును అక్కడికి కూడా పంపండి.”

— ‘ఎగువ’ బాగుందండీ. కాకపోతే ముందు ‘అప్‌స్ట్రీమ్’ ఉండాల్సిందే. వాళ్లకు తెర మీద కనబడేది ఆ మాటే.

— అవునండీ, అది తీయను. ‘పంపండి’ పక్కన ఎలా పంపాలో ఒక ఉదాహరణ కూడా ఈ రాత్రికి చేరుస్తాను.