సరీసృపాల పాత ప్రపంచ పటం: ఏ కాలానిదో తేల్చడం ఎలా?

ప్రశ్న (తిరుపతి):
భూగోళం బోధించిన మా తాతగారి ట్రంకుపెట్టెలో, సరీసృపాలు ఏయే ఖండాల్లో విస్తరించాయో రంగుల్లో చూపే ఇంగ్లీషు పటం దొరికింది. నడుమ మడత ఉంది కాబట్టి ఏదో అట్లాసులోని కాగితమే అయి ఉంటుంది. సంవత్సరం మాత్రం ఎక్కడా లేదు. అంచున వేసిన బొమ్మల్లో పాము, తాబేలు సరసన కప్ప కూడా ఉంది. మన శేషాచలం కొండల బంగారు బల్లి ఊసే లేదు కనుక, 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ దానిని శాస్త్రలోకానికి పరిచయం చేయకముందే ఇది అచ్చయిందని అనుకోవచ్చా?

జవాబు (చిత్తూరు):
బల్లిని ఆధారంగా తీసుకోకండి. ప్రపంచమంతా ఒక్క కాగితంలో ఇమిడిన పటంలో తూర్పు కనుమలకే పరిమితమైన జీవికి చోటు దొరకదు. కప్ప సంగతి ఆసక్తికరమైనదే. 1800లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రోన్యార్ సరీసృపాలను తాబేళ్లు, బల్లులు, పాములు, కప్పలు అని నాలుగుగా విభజించాడు. 1825లో మరో ఫ్రెంచి శాస్త్రవేత్త లాట్రెయ్ కప్పలను ఉభయచరాలుగా వేరు చేసినా పాత పద్ధతి చాలాకాలం నడిచింది కాబట్టి, దానితోనూ కాలం తేలదు. స్థలాల పేర్లు చదవండి. టాస్మేనియా స్థానంలో వాన్ డీమెన్స్ ల్యాండ్ అని మాత్రమే ఉంటే 1856కు ముందుదని, అలాస్కాను రష్యన్ అమెరికా అని రాస్తే 1867కు ముందుదని చాలావరకు భావించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
భూతద్దంతో చూశానండి. రెండు పాత పేర్లూ ఉన్నాయి. భారతదేశం మీది పచ్చరంగు తీరరేఖను దాటి, మన నెల్లూరు వైపు సముద్రంలోకి వెంట్రుకవాసి పాకింది.

జవాబు (తిరుపతి, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు):
అచ్చయ్యాక చేత్తో రంగు వేసినప్పుడు అలా గీత దాటడం సహజం. రంగుల్లో అచ్చు తాలూకు సన్నని చుక్కల వల కనిపిస్తే మాత్రం తర్వాతి కాలపు నకలు. ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ కీత్ జాన్‌స్టన్ 1848లో వెలువరించిన భౌతిక అట్లాసు, జర్మనీలోని బెర్గ్‌హాస్ అట్లాసు ఒరవడిలో వచ్చింది. దాని 1856 ముద్రణలోని సరీసృపాల పటంతో మీదాన్ని పోల్చండి. ఒకవేళ జంతు ప్రాంతాలు ఆరుగా గుర్తించి ఉంటే, ప్రపంచాన్ని అలా విభజించిన ప్రకృతి శాస్త్రవేత్త వాలేస్ 1876 నాటి గ్రంథం ప్రభావాన్ని కూడా ఆలోచించాలి.

బంగారు బల్లి గురించి ఒక్క మాట. దాని ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం)లోని రెండో జాతి శ్రీలంకలో ఉంది. తిరుమల కొండ రాతి నెర్రెల్లో బతికే బల్లికి దగ్గరి బంధువు సముద్రం అవతల ఉండటం, ఏ జీవి ఎక్కడ, ఎందుకు ఉందని అటువంటి పటాలు లేవనెత్తిన ప్రశ్నే. కాగితానికి లామినేషన్ చేయించవద్దు, మడత చిరిగినా టేపు అంటించవద్దు. ఎండ తగలని చోట చదునుగా పరచి ఉంచండి.